మూడు రోజుల్లో వచ్చిన చదువు

దాదాపు ఇరవై ఏళ్లుగా ఒక మాట నా లోపల అరగకుండా ఉండిపోయింది. మా ఆయనతో చెప్పలేదు, ఆయన పోయాడు. పాస్టరుగారితో చెప్పలేదు. ప్రార్థనలో కూడా దాని చుట్టూ తిరిగి వచ్చేదాన్ని గాని, దాన్ని తాకేదాన్ని కాదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో. అయితే ఒకప్పుడు నేను ఒక అబద్ధాన్ని పంపింది కూడా మీలాంటి ముక్కూ మొహం తెలియని వాళ్లకే.

ముందు నా సంగతి. మా ఇల్లు జంషెడ్‌పూర్‌లో, సీతారాండేరాలో. పెళ్లయ్యాక విజయనగరం వైపు నుంచి ఇక్కడికి వచ్చాను. కద్మా క్వార్టర్లలో ఇళ్లపని చేసి కొడుకును పెంచాను. వాడు గమ్హరియాలో ఒక ఫ్యాక్టరీలో చేరాక పని మానేశాను. నాకు అక్షరం ముక్క రాదు. కోడలు సుజాత ఇంటర్ చదివింది. ఆ చదువంటే నాకు మంట. "సదువుకున్నదానివి కదే, కూరలో ఉప్పెంతెయ్యాలో పుస్తకంలో రాయలేదేటి?" అని పక్కింటివాళ్లకు వినబడేలా అనేదాన్ని.

అలాంటి నేను యాభై దాటాక ఆమె దగ్గరే చదువు నేర్చుకున్నాను.

నేనేమీ అడగలేదు. ఆమె వంటింటి డబ్బాల మీద పేర్లు రాసి అంటించింది. పప్పు, పసుపు, చింతపండు. నేను వాటి ముందు నిలబడి చూస్తూ ఉండటం కనిపెట్టినట్టుంది, ఒక మధ్యాహ్నం పళ్లెంలో బియ్యప్పిండి పరిచి నా ముందు పెట్టింది. నా వేలు పట్టుకుని 'ప' దిద్దించింది. ఆ రోజు నుంచి వీధి తలుపు దగ్గరగా వేసుకుని, రోజూ అరగంట. నాకు ఒత్తులు వచ్చేవి కావు. ఆమె దిద్దితే కోపం వచ్చేది. ఒకసారి పళ్లెం విసిరికొట్టాను. సుజాత కొత్త పిండి తెచ్చి పరిచింది. దాదాపు రెండేళ్లు పట్టింది.

ఒక ఆదివారం మా చర్చి తెలుగు సంఘంలో లేచి నిలబడి బైబిల్లోంచి ఒక కీర్తన మొత్తం చదివాను. తడబడ్డాను, కానీ చదివాను. అందరూ నోళ్లు తెరిచారు.

ఆ రోజుల్లోనే మా చర్చికి ఇంటర్నెట్ వచ్చింది. డేవిడ్ బాబు అని ఒక కుర్ర ఇంజనీరు ఉండేవాడు. కరపత్రాలు పంచితే జనం వాటిలో బఠానీలు కట్టుకుంటున్నారని, వెబ్‌సైట్ పెడితే ఎక్కడెక్కడి వాళ్లో మన దగ్గరికి వస్తారని పాస్టరుగారిని ఒప్పించాడు. దేవుడు తమకు చేసిన మేలు గురించి మనుషులు చెప్పుకునే సాక్ష్యాలనే జనం వాక్యం కన్నా ముందు చదువుతారట. అందుకని ఆ ఆదివారం ఆరాధన అవగానే అందరి ముందూ పుస్తకం, పెన్ను పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు.

"అరే పిన్నీ, కమాల్ చేశారు! ఎలా నేర్చుకున్నారు?"

సుజాత నా వెనక చాపమీద మా మనవణ్ని ఒళ్లో వేసుకుని కూర్చుంది. నేను ఆమె వైపు చూశాను. ఆమె తల కొంచెం వంచుకుంది, తన పేరు వినబోతున్న మనిషిలా. అప్పుడు నా నోటి నుంచి వచ్చిన మాట ఇది: "మూడు రోజులు ఉపవాసం ఉన్నాను బాబూ. నాలుగో రోజు బైబిల్ తెరిస్తే అక్షరాలు వాటంతట అవే తెలిసిపోనాయి."

ఎందుకన్నాను? ఇన్నేళ్లుగా ఈ ప్రశ్నను తిప్పి తిప్పి చూస్తున్నాను. ఎప్పుడో మూడు రోజులు ఉపవాసం ఉన్నమాట నిజమే, చదువు కోసం ప్రార్థించిన మాటా నిజమే. ఆ రెండు నిజాలను పక్కపక్కన పెట్టి, మధ్యలో ఉన్న రెండేళ్లను తీసేశాను. దేవుణ్ని గొప్ప చేద్దామనుకున్నానా? అలా అనుకుంటే బాగుండును. కోడలి దగ్గర నేర్చుకున్నానని చెబితే, ఆమె చదువును నేను ఎంత ఎగతాళి చేశానో ఎరిగిన ఆడవాళ్లంతా అక్కడే ఉన్నారు. అంతే అనుకుంటాను.

ఇంటికొచ్చాక పప్పు కలుపుతూ సుజాత అంది. "సాచ్చికం బాగుంది అత్తా. మూడు రోజుల్లో అయిపోనాది. నానే ఉత్తినే రెండేళ్లు పిండి తగలేసినాను." అని నవ్వింది. నేను నవ్వలేదు. ఆ తర్వాత ఆమె ఆ సంగతి ఎత్తలేదు.

వెబ్‌సైట్‌లో నా ఫోటో, ఒళ్లో బైబిల్, కింద నా మాటలు. తెలుగు అక్షరాలు అందరి కంప్యూటర్లలో సరిగా రావని డేవిడ్ బాబు వాటిని బొమ్మలా చేసి పెట్టాడు. పేజీ అడుగున ఒక అంకె ఉండేది. ఎవరైనా చూస్తే ఒకటి పెరుగుతుందట. నాకు ఆ అంకె పిచ్చి పట్టుకుంది. ప్రతి ఆదివారం ఆరాధన అవగానే చర్చి ఆఫీసు గదిలోకి వెళ్లి తెరిపించేదాన్ని. ఫోను తీగ కీచుమని, గరగరమని, చాలాసేపటికి నా ముఖం పైనుంచి కిందికి కొంచెం కొంచెంగా దిగేది. ఈ వారం పెరిగినవాళ్లు ఎవరు? ఆడవాళ్లా? అన్నం తిని చూశారా, తినకుండా చూశారా? నమ్మారా? ఎదురుగా ఉన్న మనిషికి చెప్పిన మాట ఆ గదిలోనే ఆగిపోతుంది. ఇది మాత్రం నేను పడుకున్నప్పుడు కూడా ఎవరికో చెబుతూనే ఉందన్నది నాకు పెద్ద వింత. భయం వేయాల్సింది. వేయలేదు, సరదాగా అనిపించింది.

ఎండాకాలంలో ఆ అంకెలోంచి ఒక మనిషి మా గుమ్మంలోకి వచ్చింది. పేరు రత్నమ్మ. రాయగడ నుంచి రైల్లో వచ్చింది. వాళ్ల తమ్ముడు ఇంటర్నెట్ సెంటర్‌లో నా పేజీని కాగితం మీద తీసిచ్చాడట, ప్లాస్టిక్ కవర్లో మడతపెట్టి తెచ్చుకుంది. వెంట పన్నెండేళ్ల కూతురు రూతు. ఆ పిల్లకు ఎన్నేళ్లు బడికి వెళ్లినా అక్షరాలు అంటడం లేదు. చిన్నపిల్లల మధ్య కూర్చోబెడతారు, కొడతారు. మొద్దు పిల్ల కాదు. దారిలో వచ్చిన స్టేషన్ల పేర్లన్నీ వరసగా, ఒక్కటి తప్పకుండా మాకు అప్పజెప్పింది.

నేనూ రత్నమ్మా మాట్లాడుకుంటుంటే సుజాత ఆ పిల్లను వంటింట్లోకి తీసుకెళ్లింది. అరగంట అయిందో లేదో, "అత్తా, ఇలగ రా" అని పిలిచింది. పళ్లెంలో పిండి. పిండిలో, వంకర టింకరగా, 'రూ'. పిల్ల దాన్ని చెరిపి మళ్లీ రాసింది. మళ్లీ చెరిపి మళ్లీ రాసింది. నా వైపు చూడనైనా లేదు.

సుజాత రత్నమ్మతో అంది. "అక్కా, బడి తెరిసేదాకా ఈ గుంటని మా కాడ ఒగ్గీ. నాను నేర్పుతాను. దీనికి గబగబా సెప్తే ఎక్కదు, అంతే. నాకీ పని అలవాటే."

రత్నమ్మ నా వైపు తిరిగింది. "మీరేటి సెప్తారమ్మా? మీరు ఎలగ సెప్తే అలగే సేత్తాను. ఇంటర్నెట్‌లో ఏసింది మీ మాటే కదా."

సుజాత కూడా నన్నే చూస్తోంది. ఆ చూపులో నింద లేదు. ఆశ ఉంది, పిల్ల కోసం. అవునని ఒక్క మాట అంటే చాలు. కానీ పిల్ల ఇక్కడ ఉంటే, నేర్చుకుంటే, "నాకీ పని అలవాటే" అన్నదానికి అర్థం సంఘమంతా అడుగుతుంది. నేనన్నాను:

"మనుషులు నేర్పితే వచ్చేదైతే ఇన్నేళ్ల బడిలో రాదేటమ్మా? ఇంటికెల్లి ఉపవాసం ఉండండి. నమ్మకం ఉంటే వత్తాది."

సుజాత పళ్లెం తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. రత్నమ్మ పిల్ల తలమీద చెయ్యి పెట్టి ప్రార్థించమంది. పెట్టాను. ఏం ప్రార్థించానో గుర్తులేదు. పిల్ల వేళ్లకు ఇంకా పిండి ఉండటం మాత్రం గుర్తుంది. ఆ సాయంత్రం రైలుకే వెళ్లిపోయారు.

వర్షాలు పడ్డాక రత్నమ్మ తమ్ముడి నుంచి చర్చికి ఈమెయిల్ వచ్చింది. డేవిడ్ బాబు కాగితం మీద తీసిచ్చాడు. ఎవరి సాయం లేకుండా నేనే చదివాను. పిల్లను బడి మానిపించారట. వారం వారం తల్లీ కూతుళ్లు ఉపవాసం ఉంటున్నారట. ఇంకా ఎన్నాళ్లు పడుతుందో అమ్మగారిని అడిగి చెప్పమన్నారు. కింద ఇంటి అడ్రసు కూడా ఉంది.

"జవాబు రాసినావేటి అత్తా?" అని సుజాత రెండుసార్లు అడిగింది. రాస్తానన్నాను. రెండుసార్లూ అదే చెప్పాను. ఒక పొద్దున టీ పెడుతూ ఆ కాగితాన్ని పొయ్యిలో పెట్టేశాను. ఆ తర్వాత వాళ్ల దగ్గర నుంచి ఏమీ రాలేదు. డేవిడ్ బాబుకు పుణేలో ఉద్యోగం వచ్చి వెళ్లిపోయాడు. కొన్నాళ్లకు వెబ్‌సైట్ కూడా తెరుచుకోలేదు. నా మాట ఇక ఎవరికీ చేరడం లేదని ఊపిరి పీల్చుకున్నాను. చేరాల్సిన చోటికి అది ఎప్పుడో చేరిపోయిందని అప్పుడు తోచలేదు.

అక్షరాల విలువ తెలియనిదాన్ని కాదు నేను. డబ్బా మీద 'పప్పు' అని మొదటిసారి చదివిన రోజు, అది పప్పేనా అని మూత తీసి చూసుకున్నాను. ఆ సంతోషం ఎలా ఉంటుందో తెలిసీ ఒక పిల్ల చేతి కింద నుంచి పళ్లెం లాగేశాను.

సుజాతను క్షమాపణ అడగలేదు. అడిగితే "పోనీ అత్తా" అంటుంది, నాకు తెలుసు. అంత సులువుగా దొరికేది నాకు వద్దనిపిస్తుంది. ఈ కాగితాలు ఆమెకు చూపించకుండానే పత్రికకు పంపిస్తున్నాను. అచ్చయ్యాక ఆమే చదువుతుంది.

నాకు చదువు నేర్పింది నా కోడలు. ఈ మాట రాశాక కొంచెం తేలికగానే ఉంది, దాచను.

రూతుకు ఇప్పుడు ముప్పై దాటి ఉంటాయి. ఎవరో ఒకరు మళ్లీ ఆమె ముందు పళ్లెం పెట్టారా? పెట్టి ఉంటే ఆమె దీన్ని చదవచ్చు, చదివి నన్ను తిట్టుకోవచ్చు. అలా తిట్టించుకోవాలనే నా ఆశ. ఎవరూ పెట్టి ఉండకపోతే, ఇంత రాసినా ఇందులో ఒక్క ముక్క కూడా ఆమెకు అందదు.