నేలకు తగలకూడని పడవ

మా అన్న ఎల్వుడ్ థర్లో మంచివాడని మా సరస్సు చుట్టుపక్కల ఎవరూ అనరు. నేనైతే చచ్చినా అనను. డెబ్బై ఏళ్లు దగ్గర పడ్డాయి గానీ కోపం మాత్రం ఇంకా ముక్కు మీదే ఉంటుంది. పట్నం నుంచి చేపల వేటకు వచ్చేవాళ్లను పడవలో తిప్పుతూ బతికాడు. వాళ్లకు బీన్సు వండిపెట్టేవాడు, చేపలున్న చోటు చూపించేవాడు, పొద్దుగూకే దాకా తిట్టేవాడు. అయినా మళ్లీ ఏడాది ఆయన్నే వెతుక్కుంటూ వచ్చేవాళ్లు. తిట్లు తినడంలో ఏం సుఖముందో వాళ్లనే అడగాలి. నేను పుట్టినప్పటి నుంచీ తింటున్నాను, నాకు మాత్రం ఒంటబట్టలేదు.

ఆ పడవ మా నాన్న చేసింది. సెడార్ చెక్కను ఆవిరి పట్టి వంచి, దాని మీద కాన్వాసు గుడ్డ బిగించి, ముదురాకుపచ్చ రంగు వేశాడు. గుడ్డ బిగించిన రోజు ఇత్తడి మేకులు నోట్లో పెట్టుకుని ఒక్కొక్కటే అందించింది నేను. మా అన్నగారు ఆ పూట బ్లూబెర్రీలు మెక్కడానికి పోయాడు. తీరా నాన్న పోయేముందు పడవ ఎవరికిచ్చాడు? కొడుక్కి. ఆ మంట నా కడుపులో ఇప్పటికీ ఉంది. దాచుకోవాల్సిన అవసరం నాకు లేదు.

గుడ్డ పడవ ఉన్నవాళ్లందరికీ మా దగ్గర ఒకటే పద్ధతి. పడవ నేలకు తగలకూడదు. ఒడ్డు ఇంకా బారెడు దూరం ఉండగానే నీళ్లలోకి దిగాలి. తేలుతున్న పడవలోంచే సామాను దించుకుని, ఆ తర్వాత దాన్ని ఎత్తి భుజాన వేసుకోవాలి. కాళ్లు తడవనివాణ్ని మేం పడవ మనిషిగా లెక్కచెయ్యం. రాళ్ల మీదకి పడవ తోలినవాడి పేరు చెప్పుకుని ఏళ్ల తరబడి నవ్వుకుంటాం. ఎల్వుడ్‌కి ఈ పైత్యం మరీ ఎక్కువ. చలికాలమంతా పడవను ఇంటి ముందుగదిలో పెట్టేవాడు. మా వదిన లియోనా విసిగిపోయి, "ఈ ఇంట్లో నేనన్నా ఉండాలి, అదన్నా ఉండాలి" అంది. "బస్సు పొద్దున్నే ఉంది" అన్నాడట. మహాతల్లి మళ్లీ వెనక్కి తిరిగి చూడలేదు.

అలాంటివాడికి షుగరొచ్చింది. పోయినేడు ఎడమ పాదం అడుగున పుండు లేచింది. పాదానికి స్పర్శే లేదు గనక అది లేచినట్టు కూడా ఆయనకు తెలియలేదు. నేనే గుంజి డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. ఆవిడ కట్టు కట్టి, "దీనికి తడి తగిలిందా, మోకాలి దాకా తీసెయ్యాల్సిందే" అని మొహం మీదే చెప్పింది. తలూపాడు. ఆ తలూపడం నాకు బాగా తెలుసు. చిన్నప్పుడు చర్చిలో పాస్టరు ముందు కూడా అలాగే ఊపేవాడు.

అక్టోబరు రాగానే, "మంచు పడకముందే అవతలొడ్డున నాన్న గుడిసె మూసి రావాలి, వస్తావా?" అన్నాడు.

"కాలు ఇలా పెట్టుకుని పడవెక్కుతావా? బుద్ధుందా నీకు?"

"నువ్వు రాకపోతే ఒక్కణ్నే పోతా."

పోతాడు కూడా. అందుకే వెళ్లాను. ఎప్పటిలాగే ఆయన వెనక కూర్చుని దారి తిప్పాడు, నేను ముందు కూర్చుని తెడ్డేశాను. గుడిసె దగ్గరికి వచ్చేసరికి, "రబ్బరు బూట్లు తెచ్చాను, తొడుక్కో" అన్నాను.

"నాన్న పడవలో బూట్లా? చెక్కలు ఏం కావాలి?"

"అయితే నేను దిగి పడవ పట్టుకుంటా. నువ్వు ఆ బండ మీదకి అడుగెయ్యి."

"చెయ్యి పట్టుకుని దించడానికి నేనేమన్నా పట్నం దొరనా?" అంటూనే మెత్తటి తోలు జోళ్లతో నీళ్లలోకి దిగిపోయాడు. ఆ రాత్రి పొయ్యి దగ్గర కట్టు విప్పితే పుండు చుట్టూ ఎర్రగా పొంగి ఉంది, వాసన కూడా వస్తోంది. మందు రాసి కొత్త కట్టు కడుతూ నోటికొచ్చినట్టు తిట్టాను. ఆయనేమో పంది మాంసం మాడిపోయిందని నన్ను తిట్టాడు.

పొద్దున లేచేసరికి పాదం ఉబ్బిపోయి ఉంది. తలుపులు బిగించి వెంటనే బయల్దేరదీశాను. వెనక మోకాళ్ల మీద కూర్చోవడం ఆయన వల్ల కాలేదు. పడవ నీళ్లలో ఉండగా నేనే పట్టుకుని, ఆయన మూలుగుతున్నా వినకుండా బండ మీది నుంచి ముందు వైపుకి ఎక్కించాను. చూసేవాళ్లెవరూ లేరు గనక ఊరుకున్నాడు. కాలు చాపుకుని ముందు కూర్చున్నాడు. ఆ పడవను వెనక నుంచి తిప్పడం నాకు అదే మొదలు. దారంతా "ఎడమకి, ఎడమకి, తెడ్డు పట్టుకోవడం ఎవరు నేర్పారే నీకు?" అంటూనే ఉన్నాడు. నేర్పింది ఆయనే.

మా ఊరి రేవు కనబడింది. మంచు కాలం వస్తోందని పడవలు ఆగే చెక్క వంతెనను అప్పటికే ఒడ్డుకి లాగేశారు. మోటారు పడవలు దింపే సిమెంటు వాలు ఒక్కటే మిగిలింది. ఆదివారం కావడంతో క్లిఫోర్డ్ కొట్టు అరుగు మీద ఊరంతా కాఫీలు తాగుతోంది. అందరూ మా వైపే చూస్తున్నారు. అది చూడగానే ఎల్వుడ్ వీపు నిటారుగా అయింది. తెడ్డు అడ్డంగా పెట్టి, దిగడానికి లేవబోయాడు.

"అన్నయ్యా, దిగకు. నేను దిగి పట్టుకుంటాను, క్లిఫోర్డ్ వచ్చి నిన్ను ఎత్తి దించుతాడు."

"ఇంతమంది ముందా? నోరు మూసుకో. పడవ ఆపు."

"కాలు పోతుంది!"

"నా కాలు నా ఇష్టం. ఆపవే ఆర్డిస్!"

ఆపితే దిగుతాడు. దిగితే ఆ కాలు ఆస్పత్రిలో ఎక్కడో పారేస్తారు. ఆయన కట్టు ఉన్న కాలు పడవ అంచు దాటించాడు. నాకు ఒళ్లు మండిపోయింది. నాన్న మీద, ఆయన మీద, ఆ పడవ మీద ఉన్న మంటంతా కలిపి తెడ్డు వేశాను. ఒకటి, ఇంకొకటి, మరొకటి. పడవ సిమెంటు మీదకి ఎక్కేసింది. గుడ్డ బర్రున చిరిగింది. చెక్కలు కూడా విరిగాయి. అరుగు మీద ఎవరో "అయ్యో" అన్నారు. నేను మేకులు అందించిన గుడ్డ అది. నాకు ఏడుపొచ్చింది.

ఎల్వుడ్ కాలు ఇంకా గాల్లోనే ఉంది. దాని కింద పొడి సిమెంటు.

"దిగు" అన్నాను.

దిగాడు. వంగి పడవ ముక్కు తడిమాడు. లేచి నా వైపు చూశాడు. "చంపేశావు కదే దాన్ని" అన్నాడు. అక్కణ్నుంచి తిన్నగా కారులో ఆస్పత్రికి తీసుకెళ్లాను.

కాలి చిటికెన వేలు తీసేశారు. "ఇంకోసారి నీళ్లు తగిలుంటే కాలు దక్కేది కాదు" అంది డాక్టరమ్మ. అప్పుడూ తలూపాడు. నాకు ఒక మంచి మాట కూడా చెప్పలేదు. చలికాలమంతా ముందుగదిలో పడవ చుట్టూ తిరుగుతూ విరిగిన చెక్కలు మార్చాడు, కొత్త గుడ్డ బిగించాడు. మేకులు అందిస్తానని వెళ్తే తలుపు తియ్యలేదు.

పైగా ఊరంతా తిరిగి చెప్పాడు. ఆర్డిస్‌కి తెడ్డు పట్టడం రాదు, దాన్ని పడవ ఎక్కించకండి అని. ఎందుకు తోలానో ఎక్కడా చెప్పడు. దాంతో నేను ఊళ్లో నవ్వులపాలయ్యాను. నేను కొట్టుకి వెళ్తే పిల్లలు కూడా "సిమెంటు అత్త వచ్చింది" అంటారు. కడుపు మండుతుంది. అసలు సంగతి అరిచి చెబుదామని చాలాసార్లు నోటిదాకా వచ్చింది.

మొన్న మంచు కరిగాక కొట్టుకి వెళ్తే, పొయ్యి ముందు నిలబడి అదే కథ మళ్లీ ఎత్తుకున్నాడు. సరస్సు పుట్టినప్పటి నుంచీ ఇంత సిగ్గుమాలిన పని ఎవరూ చెయ్యలేదంటూ నేల అదిరేలా కాలేసి తన్నాడు. కట్టు ఉండిన కాలే అది.

క్లిఫోర్డ్ కుర్చీ జరిపి, "కూర్చుని చెప్పవయ్యా" అన్నాడు.

"కూర్చుని చెప్పే కథా ఇది?" అన్నాడు ఎల్వుడ్, నా వైపు వేలు చూపిస్తూ.

నేను సంచీ కింద పెట్టి, ఆయన పాదాల వైపు చూశాను. రెండూ ఉన్నాయి.

"కానియ్యి అన్నయ్యా, తిట్టు" అన్నాను. "నిలబడే తిట్టు."