ముందు ‘ఐ’ రావాలె

మొన్న బషీర్‌బాగ్‌లోని మా ఆఫీసుకు ఇంటర్వ్యూకి వచ్చిన ఒక అమ్మాయి కుర్చీ అంచున కూర్చుని, “మైసెల్ఫ్ స్వప్న” అంది. వెంటనే నా చెవుల్లో చెక్క డస్టర్ బల్ల మీద టకటకమని మోగింది. అక్కడ డస్టరూ లేదు, దాన్ని కొట్టే విఠల్ సారూ లేరు. అయినా మోగింది. ఆమె కాగితాలు చూస్తున్నట్టు తల వంచుకున్నాను.

అబిడ్స్‌లో ఒక చెప్పుల దుకాణం పక్కనుంచి ఇరుకు మెట్లెక్కితే నేను ఉద్యోగం వెతుక్కునే రోజుల్లో ఆ సార్ నడిపిన స్పోకెన్ ఇంగ్లీషు క్లాసు. సార్ తాతల కాలం నుంచీ నాంపల్లివాళ్లు. మాది కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ కుటుంబం. డిగ్రీ పాసైనా, నలుగురిలో నోరు విప్పాలంటే నాకు చెమటలు పట్టేవి. మొదటిరోజు లేచి “మైసెల్ఫ్ పద్మ” అన్నాను. డస్టర్ మోగింది. తప్పు దొరికితే సార్ తిట్టరు, టకటకమని కొడతారు, అంతే. దిద్దుకోవాల్సింది మనమే. నేను బిక్కమొహం వేసేసరికి దగ్గరికొచ్చారు.

“నన్ను నేనే తిట్టుకున్న అంటవు గదమ్మా. గా మాటలకెల్లి ‘నేను’ తీసేస్తే తిట్టెటోళ్లెవరు? మైసెల్ఫ్ ఒక్కటే నిలబడదు. ముందుగాల ఐ రావాలె.”

తెలుగులో ‘నేను’ అనకుండానే బతుకు వెళ్లిపోతుంది. తిన్నాను, వచ్చాను, ఏడ్చాను అంటే చాలు, ఆ మనిషి క్రియ చివర ఎక్కడో నక్కి ఉంటుంది. మా ఇంట్లో ఆడపిల్లలకు అలా నక్కి ఉండటం బాగా అలవాటు. ఉద్యోగం వచ్చిన రోజు పరుగున వెళ్లి “వి గాట్ ద జాబ్” అన్నాను. సార్ డస్టర్ అందుకోబోయి ఆగి, ఉద్యోగం ఇంటిల్లిపాదికీ వచ్చిందా, నీ ఒక్కదానికేనా అని అడిగారు. మొజంజాహీ మార్కెట్‌కి తీసుకెళ్లి ఐస్‌క్రీం తినిపిస్తూ, అది కరిగేలోగా ఆ వాక్యం నాచేత సరిగ్గా అనిపించారు. ‘ఐ’ అని గట్టిగా అంటే పక్క బల్లవాళ్లు తిరిగి చూశారు. సిగ్గేసింది, సంతోషమూ కలిగింది. నేనంటూ ఒకదాన్ని ఉన్నానని అంతకుముందు నాకెవరూ చెప్పలేదు.

పోయిన ఏడాది సార్‌కి పక్షవాతం వచ్చింది. నాంపల్లిలో ఆసుపత్రికి వెళ్తే, మంచం పక్కన ఆయన భార్య అనసూయమ్మగారు గ్లాసు పట్టుకుని ఉన్నారు. కుడిచెయ్యి పడిపోయిందని, మాట పోయిందని, ఒక్క మాట మాత్రం వస్తోందని చెప్పారు. ఆవిడకు ఇంగ్లీషు రాదు. ఆయన ఆ మాట అన్నప్పుడల్లా దాహమేమోనని నీళ్లు పట్టిస్తున్నారట.

నన్ను చూడగానే సార్ పెదవులు కదిలాయి. “మైసెల్ఫ్” అన్నారు. ఆ తరువాత పేరు రాలేదు. మళ్లీ “మైసెల్ఫ్.” మంచం ఇనప పట్టీ మీద ఆయన ఎడమచేతి వేళ్లు టకటకమని కొట్టాయి. అది తప్పని ఆయనకు తెలుస్తోంది. తెలిసీ దిద్దుకోలేకపోతున్నారు. అంతకంటే ఘోరం నేను చూడలేదు. ఆ చెయ్యి పట్టుకుని, “ఐ... ఐ యామ్...” అని అందించాను. నా నోటివంకే చూస్తూ, మెడ నరాలు పొంగేలా ప్రయత్నించారు. పాత మాటే వచ్చింది. వేళ్లు ఈసారి నా అరచేతిలో కొట్టాయి.

“గా మాటకు అర్థమేంది బిడ్డా? ఏమడుగుతున్నడు?” అన్నారు అనసూయమ్మగారు.

“తనను తానే వెతుక్కుంటున్నారమ్మా” అన్నాను.

ఆవిడ గ్లాసు కింద పెట్టి, ఆయన గుండె మీద చెయ్యి వేశారు. “గీడనే ఉన్నవు గదయ్యా” అన్నారు.

సార్ ఆ ‘ఐ’ దొరక్కుండానే పోయారు. ఎంతమంది చేతనో పలికించిన మనిషికి చివరికి ఆ ఒక్క అక్షరం మిగల్లేదు. ఇందులో ఓదార్పు ఏదైనా ఉందేమోనని చాలా వెతికాను. నాకైతే కనబడలేదు.

స్వప్నకు ఉద్యోగం ఇచ్చాను. తప్పు దిద్దడానికి మాత్రం నోరు రాలేదు. ఇప్పుడు ఇంగ్లీషులో నా గురించి ఏం చెప్పబోయినా ముందు ఒక్క క్షణం ఆగుతాను, ఆ అక్షరం వస్తుందో రాదోనని. ఇంతవరకూ వస్తూనే ఉంది. వచ్చిన ప్రతిసారీ నా అరచేతిలో ఆ వేళ్లు కొడుతూనే ఉన్నాయి.