యాక్సిల్ మీది బరువు రింగు

నాన్నగారి కుడికంటికి పక్కనుంచి నల్లటి తెర దిగుతోందని ఆ రోజు పొద్దున్నే తెలిసింది. రాజమండ్రి కంటి డాక్టరుగారికి ఫోన్ చేశాను. "రెటీనా ఊడుతోందమ్మా. ఆ తెర నడిమధ్యకి రాకముందే తీసుకొచ్చేయండి. తల అదరకుండా చూడండి" అన్నారు.

మా ఆయన ఊళ్లో లేరు. కారు నేనే తీశాను. భీమవరం దాటాక గతుకులు తప్పించుకుంటూ మెల్లగానే పోనిచ్చాను. నాన్నగారు పక్కసీట్లో తల వెనక్కి ఆనించి, ఎడమకన్ను అరచేత్తో మూసి, తెర ఎంతవరకు దిగిందో చూసుకుంటున్నారు. పెనుగొండలో ఆ చెయ్యి దించేశారు. అలిసిపోయారేమో అనుకున్నాను.

సిద్ధాంతం దగ్గర హైవే ఎక్కి డెబ్బై దాటించానో లేదో, కారు వణకడం మొదలుపెట్టింది. స్టీరింగ్ చేతుల్లో జివ్వుమంటోంది. వేగం తగ్గిస్తే పోతుంది, పెంచితే మళ్లీ వస్తుంది. నాకు ఒళ్లు మండిపోయింది. ఈ వణుకు గురించి మా ఆయనతో నెల్లాళ్లుగా మొత్తుకుంటున్నాను. "టైర్లేలే" అనడం, అదే కారేసుకుని రొయ్యల చెరువు గట్ల మీద ఉప్పు బురదలో తిరగడం. పైన అద్దంలా తుడుస్తారు కానీ, కింద ఒక్క చెంబుడు నీళ్లు కొట్టించిన పాపాన పోలేదు.

జోరుగా వెళ్తే నాన్నగారి తల అదురుతుంది. మెల్లగా వెళ్తే తెర దిగిపోతుంది.

"ఎలా ఉంది నాన్నగారూ, కనిపిస్తోందా?"

"బానే కనిపిస్తోందమ్మా. ముందు కారు ఎవరికైనా చూపించు."

రావులపాలెంలో ఒక షెడ్డు ముందు ఆపాను. మెకానిక్ జాకీ వేసి ముందు చక్రం వెనక్కి దూరి, నన్ను పిలిచి చూపించాడు.

"చక్రాన్ని తిప్పే యాక్సిల్ ఇదండి. దీనిమీద ఈ బరువు రింగు ఉంది చూశారా, డ్యాంపర్ అంటామండి. లోపల రబ్బరుంటాది. యాక్సిల్ జోరుగా తిరిగినప్పుడు వచ్చే వణుకుని ఇది లాగేసుకుంటాదండి. ఉప్పుకి దీన్ని బిగించిన పట్టీ తుప్పట్టి తెగింది, రింగు జారిపోయింది."

"ఇలాగే వెళ్లొచ్చా?"

"వెళ్లొచ్చండి, వణుకు మాత్రం తప్పదు. పది నిమిషాలివ్వండి, రింగుని చోటుకి జరిపి కొత్త పట్టీ బిగిస్తాను. రబ్బరు కూడా పగిలిందండి, తర్వాత మార్పించేసుకోండి. గట్లమీద తిరిగినప్పుడల్లా కింద మంచినీళ్లతో కడిగించండి."

నేను నాన్నగారి వైపు చూశాను.

"కంగారేం లేదు, కానియ్యి" అన్నారాయన.

బిగించాడు. ఆ తర్వాత ఎనభైలో కూడా కారు కిక్కురుమనలేదు. గండం గడిచిందని ఎంత సంబరపడ్డానో.

రాజమండ్రిలో డాక్టరుగారు కంట్లోకి లైటు వేసి చాలాసేపు చూశారు. "నడిమధ్య కూడా ఊడిపోయింది. ఆపరేషన్ చేద్దాం, కానీ మునుపటంత చూపు రావడం కష్టం. పూర్తిగా కనపడటం ఎప్పుడు మానేసిందండీ?"

నాన్నగారు నావైపు తిరగలేదు. "పెనుగొండలోనేనండి."

"మరి నాతో కనిపిస్తోందన్నారేం?" అన్నాను.

"చెబితే ఆ వణికే కారుని తొక్కేసేదానివి. నాకైతే పోయేది ఒక్క కన్నేనమ్మా."

డాక్టరుగారి ముందే ఆయనమీద అరిచాను. ఏడుస్తూ అరిచాను.