గోడ మీది నా మాట

మా ఊరి బడి ప్రహరీ గోడ మీద నీలం రంగుతో పెద్ద పెద్ద అక్షరాల్లో ఒక మాట రాసి ఉంది. "గోదారి ఇంట్లకొస్తెనే కదలనోళ్ళం, తూటాకు కదులుతమా?" దాని కింద మా పక్కింటి అన్న పేరు, ఆయన మిలట్రీ నంబరు. యుద్ధంలో ఆయన అన్న మాటట. భద్రాచలం బస్సు అక్కడ ఆగినప్పుడల్లా ఎవరో ఒకరు కిటికీలోంచి ఫొటో తీసుకుంటారు. చూసినప్పుడల్లా నాకు కడుపు మండుతుంది. ఆ మాట ఆయన అనలేదు. ఆరో తరగతి చదివే రోజుల్లో నేను అల్లాను.

ఖమ్మంలో ముప్పై ఏళ్ళు పిల్లలకు చరిత్ర చెప్పాను. మూడు కథల పుస్తకాలు అచ్చు వేయించుకున్నాను. వాటిలోంచి ఒక్క వాక్యం చెప్పమంటే మా ఆయనే నీళ్ళు నములుతాడు. పదకొండేళ్ళప్పుడు ఊపిరి తీసుకునేంతలో అనేసిన మాట మాత్రం గోడకెక్కింది, అదీ ఇంకొకరి పేరుతో. అందుకే యుద్ధవీరుల సూక్తులంటే నాకు నమ్మకం లేదు. ఫోన్లో రోజూ వస్తుంటాయి. ఒకే మాట సోమవారం ఒక సేనాధిపతి బొమ్మ కింద, గురువారం ఇంకో దేశపు సేనాధిపతి బొమ్మ కింద. నెత్తి మీద తూటాలు పోతుంటే తూకం చూసుకుని మాట్లాడేదెవరు? అలాంటి ప్రతి మాట వెనకా ఇంట్లో కూర్చున్నవాళ్ళు ఎవరో ఉంటారని, వాళ్ళ కడుపు కూడా నాలాగే మండి ఉంటుందని నా అనుమానం.

జరిగింది ఇది. పక్కింటి అన్నను మిలట్రీలో చేరిన రెండేళ్ళకు సరిహద్దుకు పంపారు. యుద్ధం ఇంకా మొదలు కాలేదు. తండ్రి లేడు, తల్లికి చదువు రాదు. ఉత్తరం వస్తే ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చి అరుగు మీద అందరి ముందూ చదవడం మా దగ్గర ఆనవాయితీ. గడగడా చదువుతానని ఆ పని నాకిచ్చారు. చదివేవాళ్ళకు ఒక అలవాటుండేది. ఏడుపు తెప్పించే ముక్క వస్తే మింగేయాలి, ఆ చోట ధైర్యంగా ఏదైనా అనాలి. అంతకుముందు చదివిన పాస్టరమ్మగారే నాకది నేర్పింది. సరిహద్దు నుంచి అన్న రాసిన ఉత్తరం చదివిన రోజు ఒక ముక్క దగ్గర ఆగాను. ఆ తల్లి నా మొహంలోకే చూస్తోంది. వరద వచ్చినప్పుడల్లా మా నాయనమ్మ అనే మాటకు తూటాను తగిలించి చదివేశాను. అరుగంతా "స్తోత్రం" అంది. తల్లి కొంగుతో కళ్ళు తుడుచుకుని మళ్ళీ చదవమంది. ఈసారి ఇంకా గట్టిగా చదివాను. మింగిన ముక్క ఏమిటో తర్వాత ఎప్పుడూ తలుచుకోలేదు. మరుసటి ఏడు నన్ను ఖమ్మం హాస్టల్లో వేశారు.

ఆ ఉత్తరం తర్వాత నెల తిరగకుండానే యుద్ధం వచ్చింది. ఆయనకు ఎడమ కాలు మోకాలి కిందికి పోయింది. ఇల్లందులో వాచ్‌మన్ ఉద్యోగం దొరికితే అక్కడే ఉండిపోయాడు. తల్లి పోయి చాలా ఏళ్ళయింది. సమాధుల పండుగకు ఆమె సమాధికి ఊళ్ళో ఉండే ఆయన మేనల్లుడే సున్నం వేసి పూలు పెడతాడు. ఆయన మాత్రం అటు పోడు. కాలు లేని మనిషి అంత దూరం ఏం నడుస్తాడులే అనుకునేవాళ్ళం.

మొన్న ఆగస్టు పదిహేనుకు బడివాళ్ళు ఆయన్ను పిలిచారు. నన్నూ పిలిచారు. ఆయనకు సోఫా, శాలువా. నాకు ప్లాస్టిక్ కుర్చీ, ఒక పెన్ను. పిల్లలందరూ ఒక్క గొంతుతో నా మాట చెబుతుంటే ఆయన తల వంచుకుని కూర్చున్నాడు. వినయం కూడా నటిస్తున్నాడని పళ్ళు కొరుక్కున్నాను. ఇద్దరికీ వయసైపోయింది, ఈ రోజు తేల్చుకోకపోతే ఆ మాట నాదని చెప్పే దిక్కుండదు.

మధ్యాహ్నం మేనల్లుడి ఇంటికి వెళ్ళాను. ఆయన పెట్టుడు కాలు విప్పి మంచం పక్కన ఆనించి టీ తాగుతున్నాడు. మంచీ చెడ్డా మాట్లాడుకున్నాక, గోడ మీది మాట నిజంగా నువ్వన్నదేనా అన్నా, అని అడిగాను. అవునంటాడని, అక్కడ పట్టుకుందామని నా ఆశ.

"నేనన్లే చెల్లె," అన్నాడు. "మా అమ్మ అల్లింది."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇన్నేళ్ళూ ఆయన పేరున పోయింది చాలక, ఇప్పుడు వేలిముద్ర వేసే మనిషికి రాసిచ్చేస్తున్నాడు. ఆమెకు అంత మాట ఎక్కడిదని అనబోయాను. ఆయన ఇంకా చెబుతున్నాడు. సరిహద్దులో భయమేసి ఇంటికి రాశాడట. 'మదర్ సీరియస్' అని టెలిగ్రాం కొట్టించమని, అది చూపిస్తే లీవిస్తారని, వచ్చేస్తానని. అప్పటికింకా లీవులిస్తున్నారు. ఆయన గుడారంలోనే ఇద్దరు అలా ఇళ్ళకు పోయారు. ఆయన రోజూ చూశాడు. టెలిగ్రాం రాలేదు. కాలు పోయి ఇంటికొచ్చేసరికి తల్లి ఆ మాట ఊరంతా చెప్పుకుంటూ ఉంది.

"కొడుకు కంటె పేరే ఎక్కువైందామెకు," అన్నాడు. "నేనడగలే, ఆమె చెప్పలే. సచ్చినంక గూడ ఆ సమాధి కాడికి పోబుద్ధి కాలే."

నేను మింగిన ముక్క అప్పుడు గుర్తొచ్చింది. టెలిగ్రాం అన్న మాట కింద ఆయన రెండుసార్లు గీసిన గీతతో సహా.

నోరు మూసుకుంటే ఆ మాట వాళ్ళమ్మదే అయిపోయేది, నాకేమీ అయ్యేది కాదు. నిజం చెబుతున్నాను, ఆ క్షణంలో కూడా అది వాళ్ళమ్మకు పోతోందని నాకు కుళ్ళుగానే ఉంది. కానీ అది నాదని చెప్పుకోవాలంటే, మింగిన ముక్క కూడా నాదే అవుతుంది.

"ఆ ఉత్తరం చదివింది నేనన్నా," అన్నాను. "టెలిగ్రాం ముచ్చట చదవలే. అమ్మ ఏడుస్తదని, గోడ మీది మాట నేనే కల్పించి చదివిన."

ఆయన టీ గ్లాసు కింద పెట్టాడు. తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"అయితే అమ్మ ఇనలేదా?"

"ఇనలే అన్నా."

ఆయన పెట్టుడు కాలు దగ్గరికి లాక్కున్నాడు. తొందరలో పట్టీలు పడటం లేదు. సాయం చేద్దామని వంగితే నా చెయ్యి పక్కకు నెట్టేశాడు. ఎట్లాగో బిగించుకుని, మేనల్లుణ్ణి పిలిచి, సమాధుల దాకా ఆటో పోతదా అని అడిగాడు.