మాస్టారు కొట్టేసిన పాఠం

నా చిన్నప్పుడు చదువంటే నాకెప్పుడూ విసుగు లేదు కానీ, చదువు చెప్పడానికి మా ఇంటికొచ్చే ట్యూషన్ మాస్టారంటే మాత్రం అసహ్యంగా ఉండేది. అమలాపురం దగ్గర మా ఊళ్ళో పదో తరగతి పిల్లలందరికీ ఆయనే దిక్కు. కిళ్ళీ నములుతూ, వేలు నాలుక మీద తడుపుకుని నా పుస్తకం పేజీలు తిప్పేవారు. అంచుల్లో ఎర్రటి మరకలు పడేవి. ఆ తర్వాత పెన్సిలు తీసి, ఇది వస్తుంది, ఇది రాదు అంటూ సామాన్య శాస్త్రంలో సగం పాఠాలు కొట్టేసేవారు. మిగిలిన సగం నేను గొంతు చించుకుని వల్లె వేసేదాన్ని.

అర్ధ సంవత్సరం పరీక్షలో ఆయన కొట్టేసిన గుండె పాఠం నుంచే పెద్ద ప్రశ్నలన్నీ వచ్చాయి. నేను తప్పాను. మాస్టారు మాత్రం మా అమ్మ ఇచ్చిన కాఫీ తాగుతూ, "నేను చెప్పినవే వచ్చేయండీ. అమ్మాయికే శ్రద్ధ లేదు" అన్నారు. అమ్మ నా వైపు చూసింది. నేను తలొంచుకుని "ఆయ్" అని ఒప్పేసుకున్నాను. ఆ అబద్ధానికి నా నోరు నాకే రోతగా అనిపించింది. ఆ పూట అన్నం సయించలేదు.

మా మేనత్త మా ఇంట్లోనే ఉండేది. వసారాలో కొబ్బరి ఈనెలు తీస్తూ ఆ మాటలన్నీ విన్నది. మర్నాడు మధ్యాహ్నం నా పుస్తకం తీసుకుని పెన్సిలు గీతలన్నీ రబ్బరుతో చెరిపేసింది.

"కూర్చోవే అమ్మడూ. పుస్తకం నా దగ్గరుంటుంది. గుండె గురించి నువ్వు చెప్పు."

పరీక్ష పోయాక ఆ పాఠం కసిగా చదివాను కాబట్టి ధీమాగానే మొదలుపెట్టాను. నాలుగు వాక్యాలకే ఆగిపోయాను.

"ఐదుసార్లు చదివేనత్తా!"

"చూసేవు. చదివితే చెప్పేదానివి."

ఏ పాఠం ఏ రోజు తిరిగి చెప్పాలో రాసుకోవడానికి పాత క్యాలెండరు కాగితం వెనక నా చేత గళ్ళు గీయించింది. చెప్పలేకపోయిన పాఠం ఎల్లుండి మళ్ళీ చెప్పాలి. తప్పు లేకుండా చెప్పినదాన్ని వారం దాకా ముట్టుకోకూడదు. రోజూ ముందు పాతది, ఆ తర్వాతే కొత్తది. నాకిష్టమైన లెక్కల వెనక దాక్కోవడానికి వీల్లేదు. గుండె పాఠం నాలుగోసారి తిరిగొచ్చేసరికి పుస్తకంలో గుండె బొమ్మ చూస్తేనే వికారం పుట్టి ఆ గళ్ళ కాగితం చింపేశాను. అత్తయ్య ఇంకో కాగితం తెచ్చింది.

పబ్లిక్ పరీక్షలకు వారం ముందు మాస్టారు పది ప్రశ్నల చీటీతో వచ్చి, ఇవి చాలన్నారు.

"వద్దండీ మాస్టారూ. కిందటిసారి మీరు కొట్టేసిందే వచ్చిందండీ" అన్నాను. అమ్మ కసిరింది. ఆయన చీటీ మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయారు.

ఫస్టు క్లాసులో పాసయ్యాను. అంతా తన ట్యూషన్ చలవేనని ఆయన ఊరంతా చెప్పుకున్నారు. ఛీ అనిపించింది.

ఆ వారంలోనే ఓ సాయంత్రం అత్తయ్య పక్కింటావిడకు, రక్తం గుండెలోకి ఎలా వచ్చి ఎలా పోతుందో గదుల పేర్లతో సహా చెబుతుంటే విన్నాను. ఒక్క తప్పు లేదు. ఆవిడ వెళ్ళాక, "నువ్వెందుకు చదువుకోలేదత్తా?" అని అడిగాను.

"ఐదు ప్యాసయ్యేనే. ఆడపిల్లకి చాలన్నారు మీ తాతయ్యగారు. నా పుస్తకాలు మీ నాన్నకిచ్చేసేరు."

ఏ కోపమూ లేకుండా చెప్పి, ఈనెలు కట్ట కట్టుకుంది.

ఏది చదివినా పుస్తకం మూసి, నాకు నేను చెప్పుకుంటే తప్ప వచ్చిందని నమ్మని అలవాటు ఆవిడ ఇచ్చిందే. ఆ "చాలు" అన్న మాట మీద పుట్టిన రోత కూడా అలాగే ఉండిపోయింది. నన్ను భుజాల మీద ఎక్కించుకు తిప్పిన తాతయ్య ఆయన. ఆయన ఫోటోకి దండ వేసేటప్పుడు కూడా అది పోదు.