యాభై మీటర్లకో మజిలీ

షాజాదీ బేగం గారు కొండ ఎక్కితే ప్రతి యాభై మీటర్ల ఎత్తుకూ ఒకసారి ఆగుతారు. వెనక ఎలుగుబంటి తరుముకొస్తున్నా ఆగుతారని నా నమ్మకం. ఆగి, నాలుగు మేకులు కొట్టించి, చుట్టూ తాడు కట్టించి, ఆ చదరంలో ఏ చెట్లు ఎన్ని ఉన్నాయో రాయించి, ఆ ఎలుగుబంటి ఏ పొద పక్కన నిలబడిందో కూడా పట్టికలో చేర్పించాకే కదులుతారు.

ఆవిడ గూడూరులో మా కాలేజీ వృక్షశాస్త్ర విభాగానికి పెద్ద. నేను ఆవిడ కింద ఎనిమిదేళ్ళుగా పనిచేస్తున్న మధుబాబుని. వాకాడు పక్క పల్లె మాది. మా ఊళ్ళో అన్నిటికంటే ఎత్తయిన చోటు తుఫాను షెల్టరు మేడ. దాన్ని కూడా తుఫాను వస్తేనే ఎక్కేవాణ్ణి. జంతుశాస్త్రమైతే జంతువుల వెంట పరిగెత్తాలి, చెట్లు ఎక్కడికీ పోవు కదా అని వృక్షశాస్త్రం తీసుకున్నాను. అవి కొండమీద కూడా ఉంటాయని నాకెవరూ చెప్పలేదు.

నేలమీద ఉన్నా మేడంకి ఎత్తు ధ్యాసే. పెళ్ళి భోజనాల్లో విస్తరి ముందు కూర్చుని, "ఇక్కడ సముద్రానికి పంతొమ్మిది మీటర్ల పైన ఉండాము మధూ," అనేవారు. ఆవిడ భర్త అల్లాబక్షు గారికి నిమ్మకాయల వ్యాపారం. "బస్తా నిమ్మకాయలు ఇంటికి తెస్తే పులుపు అడగదయ్యా. ఎంత ఎత్తులో కాసినాయి అంటాది," అని వాపోయేవారు.

ఏటా డిసెంబరులో ఫారెస్టు వాళ్ళ అనుమతి తీసుకుని, పిల్లల్ని వెంటబెట్టుకుని వెలికొండల్లో ఒకే కొండ, ఒకే బాట. ఇరవై రెండేళ్ళ నుంచి. అడుగున బలుసు, రేగు, కలివి, ముళ్ళకంపలు. కాస్త పైకి పోతే ఎర్రచందనం, చిరుమాను. ఇంకా పైన ఏగిస, మద్ది. చిట్టచివర చెమ్మ నిలిచే లోయల్లో నేరేళ్ళు, నాచు పట్టిన రాళ్ళు. ఏ చెట్టు ఏ ఎత్తు దాకా ఉంది, ఏళ్ళు గడిచేకొద్దీ పైకి జరుగుతోందా అన్నది ఆవిడ ప్రశ్న.

"చెట్టు పేరు చెప్తే సరిపోదు. దాని పక్కన ఎవరుండారో చూడండి. ఎత్తు మారితే ఇరుగుపొరుగు మారిపోతాది," అని పిల్లలకు చెప్పేవారు.

నేను మాత్రం క్యాంటీన్లో అదే పిల్లల ముందు గొప్పలు పోయేవాణ్ణి. "మేడం లేకుంటేనా, తొమ్మిదింటికల్లా శిఖరం మీద ఉంటాం. ఈ ఆగుళ్ళ వల్లే సాయంత్రం అవుతోంది."

పోయిన డిసెంబరులో ఆవిడకి పేపర్లు దిద్దే డ్యూటీ పడింది. ఆ మరుసటి వేసవిలో రిటైర్మెంటు. చివరి ఏడాది లెక్క నా చేతిలో పెట్టారు. "పన్నెండు చోట్ల ఆగండి. పన్నెండు పట్టికలు తీసుకురా. అవి వస్తే నా నివేదిక పూర్తయితాది," అన్నారు.

రెండు చోట్ల బుద్ధిగా ఆగాను. ఆ తర్వాత నాలోని వీరుడు మేల్కొన్నాడు. "ఇంక నేరుగా పైకి పోదాం. దిగేటప్పుడు రాసుకుందాం," అని పిల్లలకు ప్రకటించి, అందరికంటే ముందు నడిచాను. నాలుగు నిమిషాలు ముందు నడిచాను. ఆ తర్వాత మధ్యలో, ఆ తర్వాత వెనక. మూడు వందల యాభై మీటర్ల దగ్గర ఒక చిరుమాను మొదట్లో కూలబడ్డాను. గుండె చెవుల్లో కొట్టుకుంటోంది. వినీల అనే అమ్మాయి నా పట్టికలనే విసనకర్ర చేసి నాకు గాలి విసిరింది.

"సార్, నీళ్ళు తాగండి. పైకి మేం పోయి రాసుకోనొస్తాం," అంది.

పిల్లల్ని ఒంటరిగా పంపకూడదు. నేను లేవలేను. ఆ రెండు నిజాల మధ్య కూర్చుని, పోయిన ఏటి పట్టికలు తీసి, మిగతా పదీ అక్కడే నింపేశాను. సుశీల్ కుమార్ అనే కుర్రాడు నా భుజం మీదుగా చూశాడు.

"సార్, మనం ఆరొందల మీటర్లకు పోలేదు గదా."

"చెట్లు యాడికి పోతాయిలే," అన్నాను.

మర్నాడు మేడం ఒక్కో కాగితం నెమ్మదిగా తిప్పారు. "ఆరొందల మీటర్లలో ఏగిస ఏడు. పోయినేడు కూడా ఏడే."

"అవును మేడం. బాగా నిలదొక్కుకున్నాయి."

"మొన్న వానలకు అందులో రెండు కూలిపోయినాయని ఫారెస్టు వాచరు ఓబులేసు ఫోన్ చేసినాడే."

ఇరవై రెండేళ్ళ నిజాల చివర నేను పది అబద్ధాలు కుట్టి పెట్టాను. చెప్పేశాను, విసనకర్రతో సహా. ఆవిడ కోప్పడలేదు. ఆ పది కాగితాలూ చింపి, "ఆదివారం అందరం కలిసి మళ్ళా పోదాం. బీరువాలో ఖాళీ పట్టికలు ఉండాయి, తీసుకురా," అన్నారు.

బీరువాలో ఖాళీ పట్టికల కింద పాత రిజిస్టర్లు కనిపించాయి. ఒకటి తెరిచాను. కొండకు ఆరే మజిలీలు, నూరు మీటర్లకొకటి. ఆ మరుసటి సంవత్సరమూ ఆరే. వరసగా అన్నీ తిరగేశాను. పన్నెండు మజిలీలు మొదలైంది నేను ఉద్యోగంలో చేరిన సంవత్సరం.

రిజిస్టరు పట్టుకెళ్ళి ఆవిడ ముందు పెట్టాను. "మేడం, మొదట నూరుకొకటే ఆగేవాళ్ళా?"

"ఊఁ."

"మరి యాభై ఎందుకైంది?"

ఆవిడ కళ్ళజోడు తుడుచుకున్నారు. "ఆ యేడు మొదటి యాభై ఎక్కేసరికే నీ మొహం తెల్లగా పాలిపోయింది. పిల్లల ముందర కూర్చోమంటే నువ్వు కూర్చునే రకం కాదు. చెట్లు లెక్కపెట్టమంటే కూర్చుంటావు."

క్యాంటీన్లో నేను వాగినవన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. "అయితే ఎనిమిదేళ్ళుగా ఆ మధ్య మజిలీల లెక్కలన్నీ దండగేనా మేడం?"

"మొదట్లో దండగే అనుకున్నా. ఎర్రచందనం మొలకలు నాలుగొందల యాభై మీటర్లకు ఎక్కినాయని వాటివల్లే తెలిసింది. ఒక్కోసారి ఆయాసం కూడా పనికొస్తాదిలే."

ఆదివారం ఎక్కాం. పన్నెండు చోట్లా ఆగాం. ఈసారి నేను ఏ సిగ్గూ లేకుండా, ఆగమనక ముందే కూర్చున్నాను. ఆరు వందల మీటర్ల దగ్గర ఏగిసలు ఐదే ఉన్నాయి. కూలిన వాటి సందులో ఎండ పడి, చిన్న మద్ది మొలకలు మూడు లేచాయి. వినీల పేరు పేరునా చదువుతుంటే నేను రాశాను. శిఖరం మీదికి చేరేసరికి మూడు దాటింది. నాకు తెలిసి నేను ప్రాణాలతో చూసిన మొదటి శిఖరం అదే. ఇన్నేళ్ళూ చివరి మజిలీ దాకా వచ్చి, ఏదో ఒక వంక చెప్పి అక్కడే సామాను కాపలా ఉండిపోయేవాణ్ణి.

వేసవిలో నివేదిక అచ్చయి వచ్చింది. అట్ట మీద ఆవిడ పేరు కింద నా పేరు కూడా ఉంది. సిగ్గుతో చచ్చిపోయి, తీసేయమని అడిగాను.

"తీసేదానికి లేదు మధూ," అన్నారు షాజాదీ బేగం గారు. "ఆ కొండ మీద నీ అంత ఎక్కువ చోట్ల కూర్చున్నోళ్ళు ఇంకెవురుండారు?"