రూతు కోసం వెనక సీటు బెల్టు

రెండు వేల రెండో సంవత్సరం వేసవిలో నన్ను తణుకు బ్రాంచి నుంచి రాజమండ్రి వర్క్‌షాపుకు వర్క్స్ మేనేజరుగా బదిలీ చేశారు. మాది ఒక కార్ల డీలరు నడిపే సర్వీసు విభాగం. కారు తెచ్చిన మనిషితో మాట్లాడి జాబ్ కార్డు రాసేవాడు సర్వీస్ అడ్వైజరు. ఆ కార్డును బట్టి ఫిట్టర్లకు పని పంచేవాడు ఫ్లోర్ సూపర్‌వైజరు. పని అయ్యాక బండి తోలి చూసి సంతకం పెట్టేవాడు ఫైనల్ ఇన్‌స్పెక్టరు. ఈ ముగ్గురికీ కొరుకుడు పడనిది ఏదైనా ఉంటే అది వర్క్స్ మేనేజరు బల్ల దగ్గరికి వస్తుంది. మామూలుగా వచ్చేవి ఎన్నిసార్లు విప్పినా తగ్గని మోత, లేకపోతే మైలేజీ రావడం లేదన్న ఫిర్యాదు.

డాక్టర్ సువార్త గారి కారు విషయం ఆ రెండింటిలోకీ రాదు. ఆవిడ కోరుకొండ దాటాక ఒక పల్లెలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మెడికల్ ఆఫీసరు. కాపురం రాజమండ్రిలో. భర్త సముద్రంలో చమురు తవ్వే రిగ్ మీద ఇంజనీరు కావడంతో నెలలో సగం రోజులు ఇంటి పట్టున ఉండరు. ఏడాదిన్నర కూతురు రూతును ఆవిడ రోజూ వెంటబెట్టుకుని డ్యూటీకి వెళ్ళేవారు. అక్కడి క్వార్టర్స్‌లో ఒక ఆయా చూసుకునేది. కారు ఆవిడే నడిపేవారు.

ఆ ఉదయం సర్వీస్ అడ్వైజరు జాబ్ కార్డు ఖాళీగా పట్టుకుని వచ్చాడు. ఏం రాయాలో అతనికి తెలియలేదు. వెనకాలే డాక్టరు గారు, ఆవిడ చేతుల్లో ఒక పెద్ద ప్లాస్టిక్ కుర్చీ. దానికి దూది పరుపు, భుజాల మీంచి వచ్చే పట్టీలు, మధ్యలో ఎర్ర మీట ఉన్న బకిల్ ఉన్నాయి. కార్లో పసిపిల్లలను కూర్చోబెట్టే సీటు. కంపెనీ ట్రైనింగులో దాని బొమ్మ చూశాను గాని వస్తువును చూడటం అదే మొదలు. ఆవిడ భర్తతో రిగ్ మీద పనిచేసే ఒక విదేశీ ఇంజనీరు, చెన్నైలో కాపురం ఉన్నవాడు, తన పిల్లలు ఎదిగాక ఇచ్చాడట.

ఎందుకు కావలసి వచ్చిందో ఆవిడే క్లుప్తంగా చెప్పారు. రెండు వారాల క్రితం నర్సాపురం నుంచి మామగారు వచ్చారు. పేరు దేవదానం, హెడ్మాస్టరుగా రిటైరైన మనిషి. ఆస్పత్రి చూస్తానని కోడలి పక్కన ముందు సీట్లో కూర్చుని రూతును ఒళ్ళో పెట్టుకున్నారు. కోరుకొండ రోడ్డులో గేదె అడ్డం వచ్చింది. ఆవిడ బ్రేకు తొక్కారు. గేదెకు ఏమీ కాలేదు, కారుకూ ఏమీ కాలేదు. పిల్ల మాత్రం తాతగారి చేతుల్లోంచి జారి డ్యాష్‌బోర్డుకు కొట్టుకుంది. కనుబొమ్మ పైన చర్మం చిట్లింది. ఆస్పత్రి దగ్గర్లోనే ఉండటంతో కుట్లు తల్లే వేశారు.

"ఈ నెలాఖరుకి పిల్లని నర్సాపురం తీసుకెళ్ళిపోతానంటున్నారండి మావయ్యగారు. నేను ఉద్యోగం మానేస్తే ఇక్కడే ఉంచుకోవచ్చంట. మా ఆయన ఫోన్లో ఎటూ చెప్పట్లేదు. ఈ సీటు గట్టిగా నిలబడిందంటే నేను మాట్లాడగలను. మా వీధి మెకానిక్కు ఫ్లోరుకి కన్నాలు పెట్టి బోల్టులు బిగించేస్తానంటున్నాడు. నాకెందుకో నమ్మకం కుదర్లేదు" అన్నారావిడ.

నమ్మకపోవడం మంచిదైంది. ఆ మోడలులో పెట్రోలు ట్యాంకు సరిగ్గా వెనక సీటు కింద ఉంటుంది. కన్నం పెట్టబోయేవాడికి ఆ సంగతి తెలియకపోతే బండి అక్కడే అంటుకోవచ్చు. అదృష్టం బాగుండి ట్యాంకు తప్పినా, ఫ్లోరు రేకు పలచన. గట్టి కుదుపులో బోల్టు రేకును చీల్చుకుని వచ్చేస్తుంది, లేకపోతే కుర్చీ ప్లాస్టిక్ పగులుతుంది. పిల్లల సీటును కారు సీటు బెల్టుతోనే బిగించాలి. దాన్ని తయారు చేసినవాళ్ళు ఆ ఒక్క పద్ధతికే పరీక్షించి ఉంటారు.

చిక్కల్లా ఆ కారుకు వెనక బెల్టులు లేకపోవడమే. అది అన్నిటికంటే చౌక రకం. ముందు ఇద్దరికీ తప్ప బెల్టులు ఇవ్వలేదు. అయితే ఒకే మోడలులో చౌక రకానికీ ఖరీదైన రకానికీ బాడీ ఒకే అచ్చులో తయారవుతుంది. కాబట్టి ఖరీదైన దానికి బెల్టు బిగించే చోట దీనికి కూడా ఏర్పాటు ఉండాలి. ఫిట్టర్ సూర్రావును పిలిచి వెనక కుషన్ ఎత్తించాను. కార్పెట్ మడత కింద నల్ల ప్లాస్టిక్ మూతలు కనిపించాయి. మూత తీస్తే లోపల మర ఉన్న కన్నం, దాని వెనక మందపాటి పలక వెల్డు చేసి ఉంది. దీన్ని యాంకరేజి అంటాం. ప్రమాదంలో బెల్టు మీద పడే లాగుడు మొత్తాన్ని భరించేది అదే. పైన కిటికీ పక్క స్తంభానికి కూడా అలాంటిదే దొరికింది. బెల్టులు, వాటికి సరిపోయే బోల్టులు చెన్నై డిపో నుంచి తెప్పించడానికి అప్పుడే ఆర్డరు రాశాను. మామూలు బోల్టు అక్కడ పనికిరాదు, మర చుట్టు వేరు.

సామాను వచ్చేలోగా కుర్చీని పరీక్షించాను. వాడిన కుర్చీ విషయంలో మొదట అడగాల్సింది, అది ఏదైనా ప్రమాదంలో ఉందా అని. ఉంటే పైకి బాగానే కనిపించినా వాడకూడదు. డాక్టరు గారు భర్తచేత ఆ ఇంజనీరును అడిగించి, లేదని చెప్పారు. ప్లాస్టిక్ మీద తెల్లటి చారలు ఉన్నాయేమో వెతికాను, అవి లోపలి పగులుకు గుర్తు. పట్టీల దారాలు వేలితో తడిమాను. బకిల్ బిగించి, ఊడదీసి, మళ్ళీ బిగించి చూశాను. వాడే విధానం చెప్పే పుస్తకం ఇంగ్లీషులో ఉంది, బొమ్మలు బాగున్నాయి. ఇంటికి తీసుకెళ్ళి చదివాను.

బెల్టులు వచ్చాక వెనక రెండు కిటికీల వైపులా బిగించి, ఎడమ వైపు కుర్చీ పెట్టాం. సూర్రావు బెల్టును కుర్చీ వెనక నుంచి తిప్పి బకిల్ పెట్టి, రెండు చేతులతో ఊపి చూశాడు. అటూ ఇటూ బాగా కదిలింది. "ఇదేంటండి, లాగితే వచ్చేస్తందిది?" అన్నాడు.

అతను అడిగింది న్యాయమే. కారు బెల్టును మెల్లగా లాగితే రీలులోంచి వస్తూనే ఉంటుంది, చటుక్కున లాగితేనే పట్టేస్తుంది. పెద్దవాళ్ళకు అది సౌకర్యం. పిల్లల కుర్చీకి ఆ వదులు పనికిరాదు. అందుకే కుర్చీ పక్కన బెల్టును నొక్కి పట్టే చిన్న ఎర్ర క్లాంపు ఉంది. నేను కుర్చీలో మోకాలు పెట్టి నా బరువంతా మోపాను. కుషన్ అణిగింది. ఆ అణిగిన స్థితిలో సూర్రావు బెల్టు బిగలాగి క్లాంపు మూశాడు. మోకాలు తీశాక బెల్టు వెళ్ళే చోట పట్టుకుని ఊపితే, వేలెడు కూడా కదలలేదు.

బండి అప్పగించే రోజున డాక్టరు గారితో దేవదానం మాస్టారు కూడా వచ్చారు. తెల్లని చొక్కా, పంచె. చంకలో గొడుగు. రూతు తల్లి భుజం మీద ఉంది. నేను గమనించాను, పిల్ల చేతులు చాపినా ఆయన అందుకోలేదు. పిల్లలంటే అంతగా గిట్టని మనిషి కాబోలు అనుకున్నాను.

కుర్చీని చూసి ఆయన మొహం చిట్లించారు. "దూడని కట్టేసినట్టు కడతారా అండీ దాన్ని? మా పిల్లలందరూ మా ఒళ్ళోనే పెరిగారు. పసిదాన్ని తల్లి డ్రైవింగులో తిప్పడవే తప్పంటే, పైగా ఈ పట్టీలొకటి."

కోడలు పిల్లను నిదానంగా ఇంకో భుజం మీదికి మార్చుకున్నారు. ఆ నిదానం ఎంత కష్టమో ఆవిడ మొహంలో తెలుస్తూనే ఉంది. నేను వాదనకు దిగలేదు. పెద్దమనిషి, చదువుకున్నవారు, పుస్తకంలో ఉన్నది నేను చదివి వినిపిస్తే వింటారు గాని ఒప్పుకోరు. ఒకసారి బండిలో కూర్చుని చూస్తారా అని అడిగాను. సరేనన్నారు.

రూతు ఎంత బరువు ఉంటుందో తల్లిని అడిగి, ఒక్కొక్కటీ అంత బరువు తూగేలా రెండు గోనె సంచుల్లో ఇసుక పోయించాను. ఒక సంచిని కుర్చీలో పెట్టి పట్టీలు బిగించాను. పట్టీ బిగువు చూసే పద్ధతి ఒకటుంది. భుజం దగ్గర రెండు వేళ్ళతో పట్టీని గిల్లితే మడత చేతికి రాకూడదు. రెండో సంచి మాస్టారి ఒళ్ళో పెట్టాను. కుడి పక్క కొత్తగా బిగించిన బెల్టు ఆయనకు పెట్టాను. డాక్టరు గారు రూతును సూపర్‌వైజరు దగ్గర ఆఫీసు గదిలో వదిలి, ముందు సీట్లో నా పక్కన కూర్చుని బెల్టు పెట్టుకున్నారు.

వర్క్‌షాపు వెనక ఇళ్ళు ఇంకా కట్టని లేఅవుటు రోడ్లు ఉండేవి. బ్రేకు పరీక్షలు అక్కడే చేసేవాళ్ళం. వెనక ఎవరూ రావడం లేదని అద్దంలో చూసుకున్నాను. "మాస్టారూ, సంచి గట్టిగా పట్టుకోండి. ఎక్కడో ఒకచోట బ్రేకు వేస్తాను" అని చెప్పాను. ఎక్కడన్నది చెప్పలేదు. వేగం నలభై దాటనివ్వలేదు. మలుపు ఇంకా దూరంగా ఉండగానే బ్రేకు పూర్తిగా తొక్కాను.

వెనక దబ్బుమని చప్పుడైంది. బండి పక్కకు ఆపి తిరిగి చూశాను. మాస్టారి సంచి నా సీటు వీపుకు కొట్టుకుని కింద పడి ఉంది. ఒక మూల పిగిలి ఇసుక ఆయన పంచె మీద, కాళ్ళ మీద పడింది. బెల్టు పట్టేయడం వల్ల ఆయనకు దెబ్బ తగల్లేదు. కుర్చీలో సంచి పెట్టినచోట పెట్టినట్టే ఉంది.

ఆయన కుర్చీ వైపు చూడలేదు. తన అరచేతులు చూసుకుంటున్నారు.

"చెప్పి వేశారు కదండీ. నేను సిద్ధంగానే ఉన్నాను కూడాను" అన్నారు. తరవాత కోడలితో, "ఆవేళ కూడా ఇంతే స్పీడా అమ్మా?" అన్నారు.

"ఇంతకంటే కొంచెం ఎక్కువే మావయ్యగారూ."

"అయితే నేను సరిగ్గా పట్టుకోక కాదన్నమాట."

"అలాగని నేనెప్పుడూ అన్లేదు కదండీ?" అన్నారావిడ వెనక్కి తిరిగి.

"నువ్వనలేదమ్మా. నేనే అనుకుంటన్నాను. దాన్ని ఎత్తుకుందామంటే చేతులు రావట్లేదు నాకు. మళ్ళీ జారిపోద్దేమోనని."

డాక్టరు గారు కళ్ళు తుడుచుకుని ముందుకు తిరిగారు. నేను చెప్పాల్సింది ఒక్కటే ఉంది, చెప్పాను. "బ్రేకు కారుని ఆపుతుంది మాస్టారూ, ఒళ్ళో పిల్లని ఆపదు. పిల్ల అంతే వేగంతో ముందుకెళ్ళిపోతుంది. పాతికేళ్ళ వస్తాదు పట్టుకున్నా జారుతుంది."

ఆయన తల ఊపారు. వర్క్‌షాపుకు బండి తిప్పాను.

బండి దిగాక, బకిల్ ఎలా పెట్టాలో తనకు నేర్పమని అడిగారాయన. సంచి తీసేసి, సీటంతా దులిపించి, రూతును తెప్పించాం. పిల్లను ఆయనే ఎత్తుకుని కూర్చోబెట్టారు. రూతు ఏడ్చింది, కాళ్ళు తన్నింది. ఆయన పట్టీలు మెలిక పడకుండా సర్ది, బకిల్ చప్పుడు వచ్చేదాకా నొక్కారు. భుజం దగ్గర వేళ్ళతో గిల్లి చూశారు. కాస్త వదులుగా ఉందని నేను అంటే, దూది పరుపు కింద చేయి పెట్టి ఇంకో లాగు లాగారు. మరో రెండు సార్లు విప్పించి పెట్టించాను. మూడోసారికి నేను చూడాల్సిన అవసరం లేకపోయింది.

తరవాత సర్వీసుకు వచ్చినప్పుడు డాక్టరు గారు చెప్పారు, నెలాఖరుకు మాస్టారు ఒక్కరే నర్సాపురం వెళ్ళారని. ఆవిడ ఉద్యోగం మానలేదు. సెలవుల్లో ఆయన వచ్చినప్పుడల్లా వెనక సీట్లో మనవరాలి పక్కన కూర్చుని ఆస్పత్రి దాకా వెళ్ళి వచ్చేవారట. కుర్చీ చాలకుండా పెరిగేదాకా రూతు దాంట్లోనే తిరిగింది. నాకు తెలిసినంతవరకు ఆ కారుకు ప్రమాదమేమీ జరగలేదు. కాబట్టి ఆ కుర్చీ ప్రాణం కాపాడిందని చెప్పుకోవడానికి నా దగ్గర ఆధారం లేదు.

ఆ తరవాత రిటైరయ్యేదాకా కొత్త కారు అప్పగించే ప్రతిసారీ, వెనక ఎవరు కూర్చుంటారని అడగడం మా వర్క్‌షాపులో పద్ధతిగా పెట్టాను. కుషన్ కింద నలిగి ఉన్న బకిళ్ళను పైకి తీసి చూపించమన్నాను. చాలామంది నవ్వారు. కొందరు విన్నారు.

వృత్తిపరంగా నేను తెలుసుకున్నది ఇది. బోల్టు సరైన మర మీద సరైన బిగువుతో ఎక్కితే ఫిట్టరు పని అయిపోయినట్టే. కాని ఆ బెల్టును రోజూ పెట్టే మనిషి ఒప్పుకుంటే తప్ప బిగించిన పని పూర్తికాదు. వద్దనే మనిషి మూర్ఖత్వంతోనే వద్దంటాడని అనుకోకూడదు. ఎందుకు వద్దంటున్నాడో తెలిసేదాకా బండి అప్పగించకూడదు.